గెడ్డ నీళ్ళలో మందు

ట్రైనింగులో మాకు చాలా నేర్పారు. ఇంజక్షను ఎక్కడ పొడవాలో, కాన్పు కష్టమయ్యే తల్లిని ముందుగా ఎలా గుర్తుపట్టాలో, లోపల గుండె జారుతున్నా మొహంలో కంగారు కనపడనీయకుండా ఎలా మాట్లాడాలో నేర్పారు. మందు అనే మాట పలికే ముందు ఒకసారి భయపడమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఉద్యోగమంతా నేను ఆ మాట మీదే బతికాను. పొద్దున లేస్తే మందు వేసుకున్నావా, మందు అయిపోయిందా, మందు ఎందుకు మానేశావు, ఇదే గొడవ. చివరికి ఆ మాటే మమ్మల్నందరినీ ముంచబోయింది.

మీరు కొత్తగా చేరిన పిల్లలు, చేతిలో ట్యాబులతో తిరుగుతున్నారు. మా కాలంలో ఇలా కాదు అని నేను మొదలుపెడితే మీరు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారని నాకు తెలుసు. మా సీనియర్లు మొదలుపెట్టినప్పుడు మేమూ అలాగే చూసుకున్నాం. కాబట్టి నా సర్వీసంతా చెప్పను. ఒక్క ఊరి సంగతి చెప్తాను, వినండి.

శ్రీకాకుళం జిల్లాలో హైవేకీ సముద్రానికీ మధ్య ఉన్న ఊరది. అక్కడి ఉపకేంద్రంలో నేను ఏఎన్‌ఎమ్‌ని. విజయనగరంలో మిషన్ చర్చి పక్క వీధిలో పుట్టి పెరిగినదాన్ని, గొంతు పెద్దది, కోపం త్వరగా వస్తుంది. ఊళ్ళో అందరూ సిస్టరమ్మ అనేవారు. పెద్ద తుపాను వచ్చి వెళ్ళిన మరుసటి ఏడు అది. కొబ్బరి చెట్లు ఇంకా మొండేలతోనే నిలబడి ఉన్నాయి. సముద్రం లోపలికి వచ్చి వెళ్ళాక ఊళ్ళో చాలా బోర్లు ఉప్పుతేలాయి. పంటకు మిగిలింది ఊరి పక్క వాగు ఒక్కటే, అక్కడ దాన్ని గెడ్డ అంటారు.

ఒకప్పుడు ఎండాకాలం వస్తే ఆ గెడ్డలో ఇసక తప్ప ఏమీ ఉండేది కాదట. హైవే పక్కన మందుల కంపెనీ పెట్టాక వేసవిలో కూడా పారడం మొదలుపెట్టింది. నీళ్ళను శుద్ధి చేసే వదులుతున్నామని కంపెనీ గోడ మీద రాసి ఉండేది. చూడ్డానికి తేటగానే ఉండేవి. అప్పుడప్పుడు, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజుల్లో, ఒక వాసన వచ్చేది. ఊరివాళ్ళు దానికి కంపెనీ వాసన అని పేరు పెట్టి, ఇక దాని గురించి ఆలోచించడం మానేశారు.

గెడ్డ ఒడ్డు మళ్ళలో తోటకూర, గోంగూర, బచ్చలి నవనవలాడుతూ పెరిగేవి. ఆకు మీద ఒక చిల్లు ఉండేది కాదు. నాకేమో కడుపుతో ఉన్న ప్రతి పిల్లకీ ఆకుకూర తినమని చెప్పడం ఉద్యోగం. గోడ మీద బొమ్మ చూపించి మరీ చెప్పేదాన్ని. మా ఆశా వర్కరు నాకంటే చిన్నది, నాలుక మాత్రం నాకంటే పదును.

"మీరు బళ్ళో పాటం సెప్పినట్టే సెప్తారు సిస్టరమ్మా. మీ ఇంట్లో రోజూ ఆకుకూరే వండుతారేటి?" అనేది అందరి ముందూ.

"నా సంగతి నీకెందుకే, నేనేమన్నా కడుపుతో ఉన్నానా?" అనేదాన్ని. ఆడవాళ్ళు పకపకా నవ్వేవారు. ఆ నవ్వుల్లోనే నా పాఠం వాళ్ళ చెవుల్లోకి వెళ్ళేది.

ఆ ఊళ్ళో గెడ్డ ఒడ్డున ఒక మడి ఉన్న రైతు కుటుంబం. కొడుకు అదే కంపెనీలో కాంట్రాక్టు కూలి. అత్తగారు ఆకుకూర పండించి, బుట్టకెత్తుకుని బస్సులో తీసుకెళ్ళి అమ్ముకొచ్చేది. కోడలు చిన్నపిల్ల, నెమ్మది మనిషి. ఆ పిల్లకి అప్పటికే రెండు కాన్పులు పోయాయి. మొదటిది మూడో నెలలోనే జారిపోయింది. రెండోది నెలలు నిండుతుండగా కడుపులోనే ఆగిపోయింది. ఆసుపత్రిలో ఆ బిడ్డను గుడ్డలో చుట్టి అత్తగారి చేతికి ఇచ్చింది నేనే. ఆవిడ ఏడవలేదు. గుడ్డ అంచు సరిచేసి, చలిగాలి తగలకుండా మొహం మీదికి లాగింది. అది చూసి నేను బయటికి వెళ్ళి నిలబడ్డాను.

మూడోసారి నెల తప్పాక ఆ కోడల్ని తీసుకుని ఉపకేంద్రానికి వచ్చింది అత్తగారు. నన్ను పక్కకు పిలిచింది.

"ఈ పాలైనా నిలబడతాదా సిస్టరమ్మా? ఏటి పెట్టమంటే అదే పెడతాను. మీ మాట దాటను," అంది.

ఐరన్ మాత్రలు ఇచ్చాను. రోజూ ఆకుకూర పెట్టమన్నాను. అన్నట్టే ఆవిడ నా మాట దాటలేదు. వచ్చిన చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ రోజుల్లోనే మా పీహెచ్‌సీ డాక్టరు గారి స్నేహితుడొకాయన సెలవుల్లో వచ్చాడు. డాక్టరు గారికి అదే మొదటి పోస్టింగు, మీసం సరిగ్గా రాని వయసు. స్నేహితుడు నీళ్ళ పరీక్షలు చేసే ఒక ల్యాబులో పనిచేసేవాడు. సముద్రం చూద్దామని వచ్చినవాడు గెడ్డ దగ్గర ఆగిపోయాడు. ఒక సీసాలో నీళ్ళు పట్టుకున్నాడు. నాలుగు రకాల ఆకులు కోసి సంచిలో వేసుకున్నాడు.

"ఆకులెందుకు బాబూ?" అన్నాను.

"నీళ్ళలో ఏమన్నా ఉంటే అది వేరులోంచి పైకెక్కుతుంది మేడమ్. ఎండకి ఆకులోంచి నీళ్ళు ఆవిరైపోతాయి. నీళ్ళతో వచ్చింది మాత్రం ఆకులోనే ఉండిపోతుంది. రోజూ కొంచెం, రోజూ కొంచెం."

"కడుక్కుంటే పోదా?"

"పైన ఉంటే పోయేది. ఇది లోపల ఉంటుంది."

"పోనీ ఉడికిస్తే?"

"కొన్ని మందులు ఉడికినా పోవు," అన్నాడు. నాకు ఒంట్లో ఎక్కడో చల్లగా అనిపించింది. మధ్యాహ్నం ఎండలో గెడ్డ గట్టు మీద నిలబడి ఉన్నాను, అయినా చల్లగానే అనిపించింది.

కొన్ని వారాలకి ఆ స్నేహితుడి ఫోను వచ్చింది. డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు దగ్గరికి వేశారు. ఆకుల్లో ఒక మందు ఆనవాలు దొరికిందట, ఫిట్సుకి వాడే మందు. పేరు చెప్పగానే నాకు తెలిసిపోయింది. ఫిట్సు ఉన్నవాళ్ళకి పీహెచ్‌సీ నుంచి నా చేత్తో నేను పంచే బిళ్ళే అది. ఫిట్సు ఉన్న ఆడపిల్ల నెల తప్పితే ఆ బిళ్ళ గురించి మేమెంత కంగారుపడతామో కూడా నాకు తెలుసు. కొందరిలో అది కడుపులోని బిడ్డ వెన్ను సరిగ్గా మూసుకోకుండా చేసే ప్రమాదం ఉంది. అందుకే డాక్టర్లు మోతాదు చూసుకుని, ఫోలిక్ యాసిడ్ తోడిచ్చి, స్కాను అయ్యేదాకా ఊపిరి బిగబట్టుకుని ఉంటారు.

"ఎంత ఉందండీ?" అన్నాను.

"చాలా తక్కువ సిస్టర్. ఒక బిళ్ళలో ఉండేదాంతో పోలిస్తే లెక్కలోకే రాదు."

"అయితే భయం లేదా?"

ఆయన కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేశారు. "ఉందని చెప్పలేను. లేదని కూడా చెప్పలేను. కడుపుతో ఉన్నవాళ్ళు ఇలాంటి కూర రోజూ తింటే ఏమవుతుందో నాకు చెప్పేవాళ్ళెవరూ దొరకలేదు. ఇంకో మాట, వాడు వెతికింది ఆ ఒక్క మందునే. వెతికింది దొరికింది. వెతకనివి ఎన్ని ఉన్నాయో మనకేం తెలుసు?"

పిల్లలూ, నా ఉద్యోగంలో కలరా చూశాను. పాము కాటు చూశాను. రక్తం కారిపోతున్న బాలింతని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాను. వాటికి భయపడితే ఆ భయానికి ఒక రూపం ఉండేది, చేయాల్సిన పని ఉండేది. ఆ రోజు డాక్టరు గదిలో కూర్చుని పడ్డ భయానికి అలాంటిదేమీ లేదు. ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుంటే, కంచంలో గోంగూర పచ్చడి కనపడింది. అది ఆ ఊరిదే. ఒక రోగి తల్లి అభిమానంగా ఇచ్చిన ఆకు. కంచం అలాగే పట్టుకెళ్ళి పెంటలో పారేశాను.

ఊళ్ళో టముకు వేయించాలని డాక్టరు గారు పట్టుబట్టారు. పంచాయతీ ఆఫీసులో కూర్చున్నాం. డాక్టరు గారు 'రసాయన అవశేషాలు' అన్నారు. పంచాయతీ సెక్రటరీ, "అది నాకే అర్థం కాలేదు సార్, ఊరివాళ్ళకేం అర్థమవుతుంది?" అన్నాడు. నేను 'విషం' అనమన్నాను. ఆ మాటంటే ఊరు ఊరంతా కంపెనీ గేటు మీద పడతాదని, పోలీసులొస్తారని ఊరి పెద్ద చేతులు అడ్డం పెట్టాడు. కంపెనీ పేరు ఎత్తకూడదన్నాడు. అసలు విషమని రుజువేదీ అని డాక్టరు గారు కూడా వెనక్కి తగ్గారు. 'తినరాదు' అంటే పండించేవాళ్ళు ఊరుకోరని 'జాగ్రత్త వహించాలి' అని మార్చారు. అటు తీసి ఇటు తీసి చివరికి మిగిలింది ఇది: గెడ్డ నీటిలో మందులు కలుస్తున్నాయి, ఆకుకూరల విషయంలో ప్రజలు జాగ్రత్త వహించాలి. అందరం తలలూపాం. చదువుకున్నవాళ్ళం అంతమంది కూర్చుని ఆ మాటని పైనుంచి కిందికి చూశాం, తప్పు ఒక్కరికీ కనపడలేదు.

టముకు వేసేవాడు పెద్దమనిషి. ఆయాసం ఉంది, పొడుగు మాటలు పట్టవు. వీధి చివర నిలబడి డప్పు కొట్టి, "గెడ్డ నీళ్ళల్లో మందులు కలస్తన్నాయో! ఆకుకూరలు జాగర్తో!" అని అరిచి పక్క వీధికి వెళ్ళిపోయాడు.

మరునాడు పొద్దున్న నేను బస్సు ఎక్కబోతుంటే ఆ అత్తగారు బుట్టతో అవతలి బస్సు ఎక్కుతోంది. కండక్టరు ఈల వేస్తున్నాడు. రోడ్డుకి ఇవతలి నుంచి గట్టిగా అరిచాను. "టముకు విన్నావా? ఆ కూరలో మందుంది! కోడలి సంగతి చూసుకో!"

"ఇన్నాను సిస్టరమ్మా! నాను సూసుకుంతాను కదా!" అని చెయ్యి ఊపింది. మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఎందుకు ఊపిందా అని అప్పుడు నేను ఆలోచించలేదు. నన్ను వేరే మండలంలో విరేచనాల క్యాంపుకి వేశారు. నెల దాటి అక్కడే ఉండిపోయాను.

తిరిగి వచ్చిన రోజు టీకాల రోజు. ఆటో గెడ్డ మీది వంతెన ఎక్కగానే నాకు ఏదో తేడాగా అనిపించింది. ఒడ్డు పొడుగునా కొత్త మోటార్లు. పైపులు పాకుతున్నాయి. అంతకుముందు బీడుగా వదిలేసిన మళ్ళు కూడా పచ్చగా ఉన్నాయి. ప్రతి మడి చుట్టూ ముళ్ళ కంపలు వేసి ఉన్నాయి. ఒక ముసలాయన గొడుగు వేసుకుని మడి గట్టు మీద కాపలా కూర్చున్నాడు.

ఉపకేంద్రంలో ఆశా వర్కరు టీకా డబ్బా సర్దుతోంది. "ఏమిటే ఆ మోటార్లు, ఆ కంపలు?" అన్నాను.

"అదేటి సిస్టరమ్మా, మీరే కదా టముకేయించినారు? గెడ్డ నీళ్ళల్లో మందున్నాదంటే ఊరోళ్ళు ఊరుకుంతారేటి? పురుగు సచ్చిపోతాది, ఎరువు అక్కర్నేదని అందరూ అటే ఎగబడిపోనారు. ఆకుకూరలు జాగర్త అన్నారు కదా, దొంగలు పడతారని కంపలు కూడా ఏసీసినారు." ఆగి, నోరు మూసుకుని నవ్వింది. "మా మావైతే ఏ మందో అని ఒక గ్లాసుడు తెచ్చి వాసన కూడా సూసినాడు."

నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వేశాను కూడా. మన భాషలో తాగేది మందు, చల్లేది మందు, పేల్చేది మందు, జబ్బు తగ్గించేది మందు. పొలంలో ఉన్నవాడికి మందు అంటే పంటని కాపాడేది. అంత మంచి వస్తువు ఊరికే గెడ్డలో పారుతోందని మేమే డప్పు కొట్టి చెప్పాం. నవ్వుతూ ఉండగానే ఇంకో ఆలోచన వచ్చింది. పొలంలో మందంటే అది. మరి గర్భిణీకి మందంటే ఏమిటి? నా చేతిలో సిరంజి ఉంది, దాన్ని ట్రేలో పెట్టేశాను.

సరిగ్గా అప్పుడే అత్తాకోడళ్ళు లోపలికి వచ్చారు. కోడలికి ఐదో నెల. కనురెప్ప కిందికి లాగి చూశాను, తెల్లగా పాలిపోయి ఉంది.

"మాత్రలు వేసుకుంటున్నావా?" అన్నాను.

కోడలు అత్త మొహం చూసింది. అత్తగారు ముందుకు వచ్చింది. ఆ మాట చెప్పడానికే వచ్చినట్టు ఉంది ఆవిడ వాలకం.

"మాత్రలెందుకు సిస్టరమ్మా? ఆ ఎర్రబిళ్ళ ఏస్తే సాలు, తిన్నదంతా డోకీసీది. నానేటి సేతును అని బెంగెట్టుకున్నాను. మీరే దేవుడిలాగ సెప్పినారు బస్సు కాడ, కూరలోనే మందున్నాదని. ఆ పొద్దే బిళ్ళలు మాన్పించీసినాను. రెండు పూటలా మన గెడ్డ తోటకూరే పెడతన్నాను. ఒక్క పూట తప్పనేదు."

ఆ బిళ్ళలో ఇనుముతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఫిట్సు మందు తినే తల్లికి మేము తోడుగా ఇచ్చేది అదే. ఆ పిల్లకి ఉన్న కాస్త కవచం తీసేసి, దేనికి కవచం కావాలో దాన్ని రెండు పూటలా పెట్టారు. ఇద్దరూ నా మొహం వైపు చూస్తున్నారు, మెచ్చుకుంటానని. కంగారు కనపడనీయకూడదన్న పాఠం ఆ క్షణంలో నాకు గుర్తులేదు.

"అది బలం మందు కాదే! ఫిట్సు బిళ్ళలు చేసిన నీళ్ళవి! ఫిట్సు మందు పెడుతున్నావు నువ్వు దానికి!" అని అరిచేశాను.

గదిలో ఉన్న తల్లులందరూ కదలడం మానేశారు. మన వైపు ఫిట్సు అంటే ఎంత భయమో మీకు తెలుసు. ఆ జబ్బు ఉన్న ఇంటి పిల్లకి సంబంధం రాదు, ఆ మాట ఇంటి బయట ఎవరూ ఎత్తరు.

"ఫిట్సు మందా?" అంది అత్తగారు మెల్లగా. "మా ఇంట్లో ఎవలికున్నాయి ఫిట్సు? ఎవలికీ నేవే. మరెందుకు పెట్టించినారు మాసేత?"

కోడలు రెండు చేతులూ కడుపు మీద పెట్టుకుని బల్ల అంచున కూర్చుండిపోయింది.

టముకు చెయ్యలేని పని ఆ ఒక్క మాట చేసింది. సాయంత్రానికల్లా ఊళ్ళో ఏ ఇంట్లోనూ గెడ్డ కూర వండలేదని ఆశా వర్కరు వచ్చి చెప్పింది. దాంతో పాటు ఇంకోటి కూడా చెప్పింది. ఆ కోడలికి ఫిట్సు ఉన్నాయని, అందుకే కాన్పులు నిలవట్లేదని అప్పుడే నాలుగు వీధుల్లో అనుకుంటున్నారట. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

కడుపులో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్‌కి వాళ్ళతో నేనూ శ్రీకాకుళం వెళ్ళాను. డాక్టరు గారు వెళ్ళమన్నారు, వద్దన్నా వెళ్ళేదాన్నే. బస్సులో అత్తగారు కిటికీ పక్కన కూర్చుంది. దిగబోయే ముందు తన అరచేతులు చూసుకుంటూ, "నానే పెట్టినాను సిస్టరమ్మా. వొద్దత్తా, మొకం మొత్తిపోనాది అన్నా సరే, బతిమాలి ఈ సేత్తోనే పెట్టినాను," అంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

స్కాన్ సెంటర్లో మా ముందు చాలామంది ఉన్నారు. ఒక్కొక్కరే లోపలికి వెళ్ళి, కాగితాలు పట్టుకుని నవ్వుతూ వస్తున్నారు. నేను కళ్ళు మూసుకుని నా ప్రార్థన చేసుకుంటున్నాను. పక్కన అత్తగారు పెదాలు కదుపుతూ శ్రీకూర్మం స్వామికి మొక్కుకుంటోంది. కోడలు నా చిటికెన వేలు పట్టుకుని వదల్లేదు. చిన్నపిల్లలు పట్టుకున్నట్టు పట్టుకుంది.

లోపల నన్ను పక్కన నిలబడనిచ్చారు. స్కాన్ చేసే డాక్టరు పెద్దాయన, తాపీ మనిషి. వెన్ను జాగ్రత్తగా చూడమని చెప్పాను. ఆయన తెర వైపు తిరిగారు. తల చూశారు, గుండె చూశారు. వెన్ను దగ్గరికి వచ్చి ఆగారు. వెనక్కి వెళ్ళారు. మళ్ళీ వచ్చారు. "ఒకసారి పక్కకి తిరుగమ్మా," అన్నారు. మళ్ళీ చూశారు. నాకు ఆ తెర మీద ఏమీ అర్థం కాలేదు, అందుకని ఆయన మొహం చూస్తూ నిలబడ్డాను. మొహంలో ఏదీ కనపడనీయకుండా ఉండడం ఆయనకీ వచ్చు. మనలో మనం ఎదురుపడితే ఎంత భయంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

"వెన్ను బాగానే ఉంది," అన్నారు చివరికి. "బిడ్డ అడ్డంగా పడుకుంది, అందుకే అన్నిసార్లు చూశాను. వెన్నే ప్రత్యేకంగా ఎందుకు చూడమన్నారు? అమ్మాయికి ఫిట్సు ఉన్నాయా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ అత్తగారు అక్కడి నుంచే అరిచింది. "నేవు బాబూ! మా ఇంట్లో ఎవలికీ నేవు!"

బయటికి వచ్చాక ముగ్గురం మెట్ల మీద కూర్చుని ఏడ్చాం. ఏడ్చాక కూడా నా భయం పోలేదు. డాక్టరు గారు ముందే చెప్పారు, స్కాన్‌లో కనపడేవి కొన్నే ఉంటాయని. వర్షాలు వెనకబట్టి, చలి మొదలయ్యాక ఆ పిల్ల కనింది. ఆడపిల్ల. గట్టిగా ఏడ్చింది. తుడిచి, బోర్లా పట్టుకుని, మెడ దగ్గర నుంచి కింది దాకా వెన్ను మీద నా వేలు నెమ్మదిగా రాశాను. ఎక్కడా గుంట లేదు, బుడిపె లేదు. అప్పుడు తెచ్చి అత్తగారి చేతికి ఇచ్చాను. ఈసారి కూడా ఆవిడ గుడ్డ అంచు మొహం మీదికి లాగబోయి, ఆగి, మొహం తెరిచే ఉంచింది.

డాక్టరు గారు పైవాళ్ళకి ఫిర్యాదు పెట్టారు. మనుషులొచ్చారు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారు, అన్నీ హద్దుల్లోనే ఉన్నాయన్నారు. ఆ హద్దుల్లో ఫిట్సు మందు ఉందో లేదో మేమడిగితే, అది వాళ్ళు చూసేవాటిలో లేదన్నారు. తర్వాత డాక్టరు గారికి పీజీ సీటు వచ్చింది, వెళ్ళిపోయారు. కొన్నాళ్ళకి నేనూ రిటైరై విజయనగరం వచ్చి చిన్న ఫ్లాటులో ఉంటున్నాను. ఊరివాళ్ళు గెడ్డ కూర తినడం మానేశారన్నదే నా ఉద్యోగంలో నేను గెలిచిన ఒకే ఒక్క పెద్ద పందెం అనుకుంటూ కాలక్షేపం చేశాను.

మొన్న ఒక పొద్దున్న మార్కెట్‌కి వెళ్ళాను. రామతీర్థం మీదుగా వచ్చే బస్సు దిగి, బుట్టలు దించుకుని వరసగా కూర్చుంటారు ఆడవాళ్ళు. "సిస్టరమ్మా!" అని కేక వినపడింది. ఆ అత్తగారే. జుట్టు నెరిసింది. ఎదురుగా బుట్ట నిండా తోటకూర, నీళ్ళు చల్లి, తడి గోనె మీద పేర్చి ఉంది.

మనవరాలి కబుర్లు చెప్పింది. అంగన్‌వాడీకి వెళ్తోందట. "ఒకటే వాగుడు సిస్టరమ్మా, దాని అమ్మలాగ కాదు అది, మీలాగ!" అని నవ్వింది. పడుతూ లేస్తూ పరుగెడుతుందట. పాటలు వచ్చట. నేను ఒక్కొక్కటీ అడిగి మరీ చెప్పించుకున్నాను, ఆవిడకి అనుమానం రాకుండా.

ఒక కట్ట తీసుకుందామని బుట్ట మీదికి వంగాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది. పక్కనున్న గుడ్డసంచిలోంచి వేరే కట్ట తీసి ఇచ్చింది.

"మీరిది తీసుకోండి. ఇది మంచిది. ఇంటికాడ బోరు నీళ్ళతో ఏసింది. మాకు, మా సుట్టాలకీ ఇదే."

కట్ట నా చేతిలో ఉంది. బుట్ట వైపు చూశాను. బుట్టలోని ఆకు ముదురు పచ్చగా ఉంది, ఒక చిల్లు లేదు.

"మరి ఇది?" అన్నాను.

ఆవిడ నా కళ్ళలోకి చూడలేదు. "బోరులో ఇంటికి సరిపడా రెండు మళ్ళకే వస్తాది నీరు. ఆ గెడ్డ మడి ఒదిలీమంటే మరేటి తినమంటారు మమ్మల్ని?"

అంతలోనే ఒక పడుచు అమ్మాయి వచ్చి బుట్ట ముందు వంగింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని వంగింది. చూడగానే నెల చెప్పగలను నేను.

"డాక్టరమ్మ రోజూ తినమన్నారు," అంది నవ్వుతూ. "మందు కొట్టారా అమ్మా దీనికి?"

"ఒక్క సుక్క మందు కొట్టనేదు తల్లీ," అంది అత్తగారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు.

నా చేతిలోని కట్ట ఆ పిల్ల సంచిలో కుక్కాను. "ఇది తీసుకెళ్ళమ్మా, ఇదే మంచిది," అన్నాను. మరి మీకో అని మొహమాటపడింది. వెళ్ళమ్మా అని కసిరినట్టే అన్నాను. ఆమె వెళ్ళింది. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. ఇవ్వడానికి నా దగ్గర ఇంకో కట్ట లేదు. ఫిట్సు అని మళ్ళీ ఒక్క అరుపు అరిస్తే చాలు, ఆ బుట్ట అక్కడే వాడిపోతుంది. ఆ అరుపు పోయి ఎవరి ఇంటి మీద పడుతుందో నాకు తెలుసు, ఆవిడ మొహం తెరిచి ఉంచిన ఆ మనవరాలికి రేపు ఏం పేరు పెడతారో కూడా తెలుసు. నేను అరవలేకపోయాను.

అక్కడి నుంచి నేరుగా మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళాను. సీట్లో కూర్చున్న అబ్బాయి మర్యాదగా కుర్చీ చూపించాడు. మార్కెట్లో ఆకుకూరల్లో మందులున్నాయని చెప్పాను. ఎంతో ఓపిగ్గా విన్నాడు.

"పురుగుమందే కదా మేడమ్. ఉప్పునీళ్ళలో రెండుసార్లు కడుక్కోమనండి, పోతుంది," అన్నాడు.

పురుగుమందు కాదు బాబూ అని మొదటి నుంచి మొదలుపెట్టాను. గెడ్డ అన్నాను, వేరు అన్నాను, ఆవిరి అన్నాను. మధ్యలో ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాడు. చాలాసేపు కూర్చుని నేనూ లేచి వచ్చేశాను.

ఆ పూట మా ఇంట్లో ఉత్త పప్పే. మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని తింటుంటే కింది ఇంట్లోంచి తోటకూర పులుసు కమ్మగా వాసన వచ్చింది. ఆ ఇంటి కోడలికి మూడో నెల, మొన్ననే పుల్లటివి కావాలంటే మామిడికాయ ఇచ్చి వచ్చాను. కంచం పక్కన పెట్టి మెట్లు దిగి, తలుపు కొట్టాను. ఆ పిల్లే తీసింది, చేతిలో గరిటె ఉంది.

"ఈ కూర ఎక్కడ కొన్నారమ్మా?" అన్నాను.

"మార్కెట్లోనే ఆంటీ," అంది. "మా అత్తయ్య అన్ని బుట్టలూ అడిగి మరీ, మందు లేనిది చూసి తెచ్చారు."